లేవడం అంటే మళ్లీ పుట్టడం కాదు

మొన్న క్లాసులో సెలవుల మాట వచ్చినప్పుడు ఒక స్నేహితురాలు అడిగింది: "శుక్రవారం మీ యేసు చనిపోయిన రోజు, ఆదివారం మళ్లీ పుట్టిన రోజు, అంతే కదా?" అంతే కాదు, కొంచెం తేడా ఉంది అన్నాను. ఆ కొంచెం చెప్పడం మొదలుపెట్టేసరికి గంట కొట్టేశారు. మిగతాది గోడపత్రికకు రాస్తానని మాటిచ్చాను. క్రైస్తవులు కాని వాళ్లతో పాటు, క్రైస్తవులై ఉండి ఈ సంగతి గురించి ఎప్పుడూ ఆగి ఆలోచించని వాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నాను. రెండో రకం వాళ్లే మనలో ఎక్కువ అని నా అనుమానం.

తెలుగు విభాగంలో ఉన్నాం కాబట్టి మాట దగ్గర మొదలుపెడదాం. తెలుగు బైబిల్లో వాడిన మాట పునరుత్థానము. ఉత్థానం అంటే లేవడం. కార్తీక మాసంలో విష్ణువు యోగనిద్ర నుంచి లేచే ఏకాదశిని ఉత్థాన ఏకాదశి అంటారు కదా, అందులో ఉన్న మాటే ఇది. గ్రీకు మూలంలో ఉన్న 'అనాస్తాసిస్' అనే మాటకూ లేచి నిలబడడం అనే అర్థం. మన ఊళ్లో తమిళ క్రైస్తవులు 'ఉయిర్త్తెళుదల్' అంటారు, అంటే ప్రాణంతో లేవడం. ఈ మూడింటిలోనూ లేవడం ఉంది, పుట్టడం ఎక్కడా లేదు. (ఇక్కడే ఒక మాట. చాలా ఫ్లెక్సీల మీద దీన్ని 'పునరుద్ధానం' అని వేస్తారు. ఉద్ధరించడం వేరు, ఉత్థానం వేరు. త కింద థ వత్తు. మా మేడమ్ ఈ పత్రిక చదువుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.)

పునర్జన్మలో ప్రాణం ఇంకో శరీరంలోకి వెళ్తుంది. పాత పేరు, పాత ముఖం, పాత అమ్మానాన్నలు అక్కడ ఉండరు. పునరుత్థానంలో చనిపోయిన మనిషే, ఆ పేరుతోనే, ఆ చేతులతోనే లేస్తుంది. ఏది గొప్పదని పోటీ పెట్టడానికి చెప్పడం లేదు. నాకు అర్థమైనంతలో ఈ రెండు నమ్మకాలూ రెండు వేర్వేరు ప్రశ్నల దగ్గర నుంచి వచ్చాయి. ఈ మనిషికి ఈ బతుకు ఇలా ఎందుకు వచ్చింది అని అడిగితే పునర్జన్మ ఒక జవాబు చెప్తుంది. ఈ బతుకు ఇలా ముగిసిపోయింది, ఇక దీని సంగతేమిటి అని అడిగితే పునరుత్థానం జవాబు చెప్తుంది.

ఇది ఆత్మకు చావు లేదనే నమ్మకం కూడా కాదు. మా చర్చిలో చాలామంది అలాగే అనుకుంటారు. మనిషి పోతే ఒళ్లు మట్టి, ఆత్మ పరలోకం, అక్కడితో కథ అయిపోయింది అంటారు. కానీ ఆదివారం ఆదివారం అందరం లేచి నిలబడి చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో శరీరం లేస్తుందని ఉంది. నోటికి వచ్చేసిన మాట కాబట్టి ఎవరూ దాని దగ్గర ఆగరు. లాజరు సంగతి కూడా కలపకూడదు. చనిపోయి నాలుగు రోజులైన లాజరును యేసు బతికించాడని యోహాను సువార్తలో ఉంది. అయితే ఆ లాజరు తర్వాత మళ్లీ అందరిలాగే చనిపోవలసినవాడే. అది చావును వాయిదా వేయడం. ఈస్టర్ నాడు చెప్పుకునేది చావు ఇక తిరిగి రాని లేవడం గురించి.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే నాకు ఒక విషయం ఆశ్చర్యం అనిపించింది. ఇది ఓదార్పు కోసం పుట్టింది కాదు, న్యాయం కోసం పుట్టింది. యేసుకు సుమారు 160 ఏళ్ల ముందు అంతియొకస్ అనే రాజు యూదులను వాళ్ల ధర్మం విడిచిపెట్టమని బలవంతం చేశాడు. ఆ కాలం గురించి చెప్పే మక్కబీయుల రెండో గ్రంథంలో ఒక తల్లి, ఆమె ఏడుగురు కొడుకుల కథ ఉంది. (ఇది కతోలికుల బైబిల్లో ఉంటుంది, మాలాంటి వాళ్ల బైబిల్లో ఉండదు.) పంది మాంసం తినమంటే తినలేదని ఆ తల్లి కళ్ల ముందే ఒక్కొక్కరినీ హింసించి చంపుతారు. మూడోవాడి వంతు వచ్చినప్పుడు తనే నాలుక బయటపెట్టి, చేతులు చాపి, ఇవి దేవుడిచ్చినవి, ఆయన దగ్గరే మళ్లీ తీసుకుంటాను అనే అర్థం వచ్చే మాట అంటాడు. ఆ తల్లికి కథలో పేరు లేదు. కానీ చివరివాడికి ధైర్యం చెప్పేది ఆమే.

మంచివాళ్లను చంపినవాళ్లు సుఖంగా ఉంటే, చచ్చినవాళ్లకు ఎవరు జవాబు చెప్తారు? ఆత్మ ఎక్కడో హాయిగా ఉందంటే నరికిన చేతులకు జవాబు వచ్చినట్టు కాదు. చేతులు నరికారు కాబట్టి చేతులే తిరిగి రావాలి. పునరుత్థానం అనే ఆలోచన ఇంత మొండిగా ఉంటుంది. యేసు కాలానికి యూదుల్లో పరిసయ్యులు దీన్ని నమ్మేవాళ్లు. గుడి అధికారం, డబ్బు చేతిలో ఉన్న సద్దూకయ్యులు నమ్మేవాళ్లు కాదు. అన్నీ ఇక్కడే ఉన్నవాళ్లకు లెక్క తేలాల్సిన అవసరం ఏముంటుంది?

ఇక ఆదివారం సంగతి. ఈ భాగం మన కాలేజీలో అందరూ చదవాల్సిందే. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధి దగ్గరికి ముందుగా వెళ్లింది ఆడవాళ్లే. పేర్లలో కొంచెం కొంచెం తేడాలున్నాయి గానీ మగ్దలేనే మరియ పేరు నాలుగింటిలోనూ ఉంది. మార్కు ప్రకారం ముగ్గురు: మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే. వాళ్లు నమ్మకంతో వెళ్లలేదు. శవానికి పూయడానికి సుగంధ ద్రవ్యాలు కొనుక్కుని వెళ్లారు, అంటే చచ్చిపోయిన మనిషికి చేయాల్సిన పని చేయడానికే వెళ్లారు. సమాధి ముందున్న పెద్ద రాయిని ఎవరు దొర్లిస్తారని దారిలో ఒకరినొకరు అడుగుకున్నారట. ఆ జవాబు తెలియకుండానే బయల్దేరారు. మగశిష్యులు ఆ తెల్లవారుజామున ఆ దారిలో లేరు.

జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు ఆ మొదటి శతాబ్దంలోనే ఆడవాళ్ల సాక్ష్యం అంగీకరించకూడదని రాశాడు. లూకా సువార్తలో ఈ ఆడవాళ్లు వెళ్లి చెప్తే అపొస్తలులు వట్టి మాటలని కొట్టిపడేశారు. కథ కల్పించేవాళ్లు నమ్మించాలనుకుంటే ఇలాంటి సాక్షులను పెట్టుకుంటారా అని చాలామంది పండితులు అడుగుతారు. నిరూపణ అంటే ఒప్పుకోను గానీ అడగాల్సిన ప్రశ్నే. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయంలో, లేచిన యేసును చూసినవాళ్ల జాబితా ఇస్తాడు. కేఫా, పన్నెండుమంది, ఒకేసారి 500 మందికి పైగా, యాకోబు, చివరికి తను. అందులో ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఆ లేఖ సువార్తలకంటే ముందుది, సుమారు క్రీ.శ. 55 నాటిది. సాక్ష్యంగా చెల్లదని అప్పటికే తీసేశారేమో. నాలుగు సువార్తలూ మాత్రం తీసేయలేకపోయాయి.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. మార్కు సువార్త అతి పాత చేతిరాత ప్రతుల్లో 16వ అధ్యాయం 8వ వచనంతోనే ఆగిపోతుంది. అక్కడ ఆ ముగ్గురూ భయంతో వణుకుతూ పారిపోయారనీ, ఎవరికీ ఏమీ చెప్పలేదనీ ఉంది. తర్వాతి వచనాలు ఆ ప్రతుల్లో లేవు. పెద్ద పండుగకు మూలమైన కథ భయంతో ఆగిపోతుంది! మా సండేస్కూల్లో అందరూ నవ్వుతున్న బొమ్మలే చూపించేవాళ్లు. భయపడ్డారని రాసినవాడి మీదే నాకు ఎక్కువ నమ్మకం కుదురుతుంది.

యోహాను ఇంకోలా చెప్తాడు. మరియ ఒక్కతే సమాధి బయట ఏడుస్తూ ఉంటుంది. పక్కన నిలబడ్డ యేసును తోటమాలి అనుకుంటుంది. పేరు పెట్టి పిలిచాకే గుర్తుపడుతుంది. లేచిన మనిషి మునుపటి మనిషే, అయినా వెంటనే గుర్తుపట్టలేనంత మారాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు ఆయనతో మైళ్ల దూరం నడిచి, రొట్టె విరిచి ఇచ్చాక గానీ పోల్చుకోలేదు. అదే ఆయన కాల్చిన చేప తింటాడు, సరస్సు ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చి శిష్యులకు పొద్దుటి తిండి పెడతాడు. దయ్యం కాదు, గాలి కాదు అని చెప్పడానికి ఇన్ని చేపలు. మనవాళ్లు కాశిమేడు రేవు దగ్గరి జనం కాబట్టి ఈ భాగం చదివేటప్పుడు చర్చిలో అందరి ముఖాలూ వెలుగుతాయి.

తోమా కథ మన ఊరి కథ కూడా. లిటిల్ మౌంట్, సెయింట్ థామస్ మౌంట్ అని రోజూ మెట్రోలో వింటాం కదా, ఆ థామస్ ఈ తోమానే. ఆయన ఇక్కడికి వచ్చి, పరంగిమలై మీద చంపబడి, మైలాపూరులో సమాధి అయ్యాడని సంప్రదాయం చెప్తుంది. శాంథోమ్ చర్చి ఆ చోటనే ఉందంటారు. మేకులు దిగిన గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నది ఈయనే. అందుకే 'అనుమానపు తోమా' అని పేరు పడింది. నాకు మాత్రం తోమా అడిగినదాని కంటే అతనికి దొరికిన జవాబు ముఖ్యం అనిపిస్తుంది. లేచిన శరీరం మీద గాయాలు అలాగే ఉన్నాయి. నయమైపోయి మచ్చ లేకుండా రాలేదు. జరిగినది జరగనట్టు తుడిచేయడం పునరుత్థానం కాదన్నమాట.

ఇప్పుడు మీరు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న. మీవాళ్లు ఎందుకు పూడుస్తారు, కాలిస్తే లేవలేరా?

పోయినేడు మా ఇంట్లో ఇదే పెద్ద చర్చ అయింది. మా అవ్వ, అంటే నాన్నవాళ్ల అమ్మ, పోయింది. నెల్లూరు వైపు నుంచి చిన్నప్పుడే మద్రాసు వచ్చి కార్పొరేషన్‌లో ఊడ్పు పని చేసి రిటైరైన మనిషి. ఈ ఊళ్లో సమాధులకు చోటు లేదు. కీల్పాక్ లాంటి పాత సమాధుల తోటలు ఎప్పుడో నిండిపోయాయి. మాకు దగ్గరున్నదాంట్లో కూడా కొత్త గుంట ఇవ్వరు. కుటుంబంలో ఎవరిదైనా పాత సమాధి ఉంటే, కొన్నేళ్లు దాటాక దాన్నే తెరిచి రెండోవాళ్లను పెట్టాలి. తాత సమాధికి పంతొమ్మిదేళ్లు అయ్యాయి. చిన్నాన్న ఒప్పుకోలేదు. "నాయన ఎముకలు కదిలిస్తే ఆ రోజు లేచేటప్పుడు ఎట్టా?" అని ఆయన బాధ. అత్త వాళ్లాయనేమో విద్యుత్ దహనవాటికకు తీసుకుపోదాం, ఖర్చు తక్కువ అన్నాడు. ఆయన మాటకు చిన్నాన్నకు ఇంకా కోపం వచ్చింది. ఇంట్లో అవ్వ ఉండగానే, మంచు పెట్టెలో ఉండగానే, ఈ గొడవ అంతా జరిగింది.

దీనికి జవాబు 1,800 ఏళ్ల కిందటే దొరికింది. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో రోమా అధికారులు క్రైస్తవులను చంపారు. వాళ్లలో బ్లాందీనా అనే బానిస స్త్రీ ఉంది. అందరికంటే ఎక్కువ హింస తట్టుకున్నది ఆమే అని అక్కడి సంఘం రాసిన లేఖ చెప్తుంది. ఆ లేఖను చరిత్రకారుడు యూసేబియస్ దాచిపెట్టాడు. చంపాక శవాలను పూడ్చనివ్వలేదు. ఆరు రోజులు బయట పడేసి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారు. ఎందుకంటే లేస్తామనే ఆశ వీళ్లకు లేకుండా చేయాలని. అంటే బూడిద చేస్తే లేవలేరు అనుకున్నది చంపినవాళ్లు. మిగిలిన క్రైస్తవులు బ్లాందీనా లేవదని అనుకోలేదు, ఆమెను ఈనాటికీ తలుచుకుంటున్నారు. అదే కాలానికి దగ్గరగా మినూసియస్ ఫెలిక్స్ అనే రచయిత కూడా, ఏ పద్ధతిలో పంపినా నష్టమని భయం లేదు, పాత ఆచారం మంచిదని పూడుస్తున్నాం అనే అర్థంలో రాశాడు.

కతోలిక సంఘం దహనాన్ని 1963లో అనుమతించింది. 2016లో రోము నుంచి ఇంకో సూచన వచ్చింది: పూడ్చడమే మేలు, కాల్చినా తప్పు లేదు, కానీ బూడిదను చల్లకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు, పవిత్రమైన చోట ఉంచాలి. మేము కతోలికులం కాకపోయినా ఆ వరుస నాకు సబబుగానే అనిపించింది. పూడ్చడం దేవుడి సౌకర్యం కోసం కాదు. చచ్చిన ఒంటిని చెత్తలా చూడకూడదని మనకు మనం చెప్పుకోవడం కోసం.

పౌలు దీనికి విత్తనం పోలిక చెప్తాడు. మనం విత్తేది గింజ, వచ్చేది మొక్క. గింజ గింజలాగే బయటికి రాదు, అలాగని వడ్లు వేస్తే జొన్న రాదు. ఎముకలు ఏ మూల ఉన్నాయి అన్నది ఆ లెక్కలోకి రాదు. మా పాస్టరుగారు ఈ మాటే చెప్పి చిన్నాన్నను ఒప్పించారు. తాత సమాధి తెరిచారు. తాతవి మిగిలినవి ఒక తెల్లగుడ్డలో కట్టి, అవ్వ పెట్టె పాదాల దగ్గర పెట్టారు. చిన్నాన్నే తన చేతులతో పెట్టాడు.

ఇక ఏడుపు గురించి. దీని కోసమే ఈ వ్యాసం రాయాలనుకున్నాను అంటే తప్పు లేదు. అవ్వ పోయిన రోజు చర్చి నుంచి వచ్చిన పెద్దవాళ్లు కొందరు మా అమ్మతో, "ఏడవకూడదమ్మా, ఆమె ప్రభువు దగ్గరికి పోయింది, విశ్వాసులు ఏడిస్తే సాక్ష్యం పోతుంది" అన్నారు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఎనిమిది నెలలు మంచం మీద ఉన్న అత్తను చూసుకున్న మనిషి.

బైబిల్లో ఎక్కడా అలా లేదు. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. ఇంకో పది నిమిషాల్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. పౌలు థెస్సలొనీక వాళ్లకు రాసింది కూడా ఏడవొద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని. దుఃఖంలో రెండు రకాలున్నాయంటాడు గానీ దుఃఖమే వద్దనడు. నిజానికి చావును శత్రువు అని పిలుస్తాడు, చివరగా ఓడిపోయే శత్రువు అని. ఆత్మ విడుదలైపోయింది, అంతా మంచికే అనుకునేవాళ్లకైతే చావు స్నేహితురాలు కావచ్చు. శరీరం లేస్తుందని నమ్మేవాళ్లకు చావు మంచిది కాదు. మంచిది కానిదాన్ని చూసి ఏడవడం విశ్వాసం లేకపోవడం ఎలా అవుతుంది? అమ్మకు ఈ మాట నేను తర్వాత చెప్పాను. "నువ్వు ఆ రోజే చెప్పుంటే బాగుండేది" అంది.

శుక్రవారం గురించి, ఆదివారం గురించి అందరూ మాట్లాడతారు. మధ్యలో శనివారం ఉంది. సువార్తల్లో ఆ రోజుకు దాదాపు ఏమీ లేదు. ఆడవాళ్లు ఆజ్ఞ ప్రకారం విశ్రాంతి తీసుకున్నారని లూకా ఒక్క మాట అంటాడు, అంతే. అయినా మన రోజులు ఎక్కువ భాగం శనివారాలే. జరగాల్సిన చెడు జరిగిపోయింది, రావాల్సింది ఇంకా రాలేదు. సువార్తలోని ఆ ఆడవాళ్లకైతే రేపు ఆదివారమని తెలియదు కూడా. సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకున్నారు. చేతిలో ఉన్న పని అది.

మా అమ్మ ఆ ఎనిమిది నెలల్లో ఇలాంటిదే చేసింది. అవ్వను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. రాత్రి కూడా తిప్పాలి. అమ్మ, నేను వంతులు వేసుకున్నాం. ఒకసారి విసుగొచ్చి, ఎలాగూ ఎక్కువ రోజులు లేదు కదా అన్నాను. అమ్మ వేడినీళ్లలో గుడ్డ పిండుతూ, "ఇది రేపు లేవబోయే ఒళ్లే, పుండు పడనీయకూడదు" అంది. అమ్మ ఎనిమిదో తరగతి వరకే చదివింది. కొరింథీ పత్రిక 15వ అధ్యాయానికి నేను చూసిన వ్యాఖ్యానాల్లో దీనికంటే దగ్గరగా వచ్చినది లేదు. అవ్వ వేళ్లు చీపురు పట్టి పట్టి వంకరపోయి, ముడుచుకుపోయి ఉండేవి. అమ్మ ఆ వేళ్ల సందుల్లో కూడా తుడిచేది. మక్కబీయుల కథలో చేతులు చాపిన పిల్లవాడి గురించి చదివినప్పుడు నాకు ఆ వేళ్లే కనిపించాయి.

పరలోకం ఉందిలే అని ఇక్కడి సంగతి వదిలేస్తారని క్రైస్తవుల మీద ఒక మాట ఉంది. అలా వదిలేసేవాళ్లు ఉన్నారు కూడా. కానీ పౌలు రాసిన వరుస చూడండి. 15వ అధ్యాయం నిండా పునరుత్థానం గురించి ఆకాశమంత ఎత్తున చెప్పి, చివర మీరు చేసే పని వృథా కాదు అనే అర్థంతో ముగిస్తాడు. 16వ అధ్యాయం మొదటి మాటే చందా గురించి. యెరూషలేములో బీదవాళ్ల కోసం వారంలో మొదటి రోజున ఒక్కొక్కరూ తమకు కలిగినంతలో కొంత పక్కన పెట్టమంటాడు. అధ్యాయాల అంకెలు తర్వాత ఎప్పుడో వేసినవి. అసలు లేఖలో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటే. చావు ఓడిపోయింది, కాబట్టి డబ్బా తీయండి! వారంలో మొదటి రోజు అంటే ఆదివారం, యేసు లేచిన రోజు. ప్రతి ఆదివారం ఒక చిన్న ఈస్టరే.

మన తెలుగులో ఈ నమ్మకానికి ఎదురుగా నిలబడే పద్యాలు రాసింది కూడా క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవే. గుర్రం జాషువా శ్మశానవాటి మనకు పాఠంలో రాకపోయినా హరిశ్చంద్ర నాటకం చూసినవాళ్లకు తెలుసు. ఏళ్లకు ఏళ్లు దొర్లిపోయినా అక్కడ పడుకున్నవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదని అందులో కవి విలపిస్తాడు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాదెమీ బహుమతి పొందిన ఆయనే ఇదీ రాశాడు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. ఇంతవరకు ఎవరూ లేవలేదు అన్నది కళ్ల ముందున్న నిజం. పునరుత్థానం నమ్మేవాళ్లు ఆ నిజాన్ని కాదనలేదు, ఒక్కరి విషయంలో తప్ప. ఆ ఒక్కరి వల్ల మిగతావాళ్ల సంగతి ఇంకా ముగియలేదంటారు.

శ్మశానంలో పులీ మేకా సమానమే అన్నట్టు ఆ పద్యాల్లో వస్తుంది. మన రాష్ట్రంలో కొన్ని క్రైస్తవ సమాధుల తోటల్లో అది కూడా లేదు. కులానికో భాగం, మధ్యలో గోడ. అందరూ ఒకే బూరకు లేస్తారని పాడుకునేవాళ్లు కట్టుకున్న గోడలు అవి. లేచాక ఆ గోడకు అటూ ఇటూ నిలబడి ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుంటారో అడగాలనిపిస్తుంది. అవ్వ బతికి ఉంటే అడిగేసేది.

ఈస్టర్ తెల్లవారుజామున మావాళ్లు సమాధుల పండుగ చేస్తారు. తమిళ కతోలికులు నవంబరు 2న 'కల్లరై తిరునాళ్' చేస్తారు, మా వైపు మాత్రం ఈస్టరుకే. ముందు రోజు గడ్డి పీకి, సమాధులకు సున్నం కొట్టి, నాలుగు గంటలకల్లా బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తారు. చీకట్లో మొదలుపెట్టిన పాటలు సూర్యుడు వచ్చేదాకా పాడతారు. తర్వాత అక్కడే సమాధుల మధ్య కూర్చుని ఇడ్లీ, టీ. పిల్లలు సమాధుల మీదెక్కి ఆడుకుంటారు, ఎవరూ కోప్పడరు. క్రైస్తవులు కానివాళ్లు కూడా రావచ్చు, చెప్పుల దగ్గర మాత్రం జాగ్రత్త, కొవ్వొత్తుల మైనం అంటుకుంటుంది.

ఈసారి పండుగలోపు అవ్వ రాయి పెట్టాలి. రాయి చెక్కే ఆయన తమిళాయన, తెలుగు అక్షరాలు రావు. నేను కాగితం మీద పెద్దగా రాసి ఇస్తే దాన్ని చూసి చెక్కుతాడు. ఏ క్రియ పెట్టాలన్నది ఇంట్లో తేలడానికి వారం పట్టింది. నాన్న 'పరమపదించింది' అన్నాడు, గౌరవంగా ఉంటుందని. చిన్నాన్న 'మహిమలో ప్రవేశించింది' అన్నాడు. 'మరణించింది' అని ఉన్నదున్నట్టు రాద్దామని అత్త. చివరికి 'ప్రభువునందు నిద్రించినది' అని ఖాయమైంది. పాత మాటే, పొద్దున లేచేవాళ్లకే పడుకోవడం అనే మాట వాడతాం కాబట్టి. చెక్కే ఆయన అక్షరానికి ఇంత అని కూలి లెక్క కట్టాడు, వత్తులను వేరే అక్షరాలుగా లెక్కేశాడు. భు, ద్ర దగ్గర కాసేపు బేరం ఆడాల్సి వచ్చింది. భ కింద ఉన్నది కొమ్ము, వత్తు కాదని నేను వాదిస్తే ఆయన నవ్వి ఒకటి తగ్గించాడు. తాత పేరు పైన, అవ్వ పేరు దాని కింద. అమ్మ చెప్పిందని ఆ కింద ఇంకో నాలుగు వరుసలకు చోటు వదిలిపెట్టాం.